టికెట్టు వెనక

కల్వకుర్తి డిపోల ఇరవై ఏండ్లు
బస్సుల నొసట ఊర్ల పేర్లు రాసిన చెయ్యి ఇది.
ఎర్ర దీపాల బోర్డులొచ్చినంక
నా బ్రష్షులు కిరసనాయిల్ డబ్బాల నిద్రపోతున్నయి.
గప్పుడు పిలిచింది సువర్ణ:
"పెయింటరన్నా, మా అమ్మకు బొమ్మలు గీసియ్యాలె."

మన్నెమ్మ. కండక్టర్ మన్నెమ్మ.
డెబ్బై మంది రద్దీల వెనక సీటు దాంక వినబడే గొంతు.
పక్షవాతమొచ్చి కుడిచెయ్యిని, మాటల సంచిని
ఒక్కపాలే గుంజుకపోయింది.
లోపల ఒక్కటి మిగిలింది, ఎట్ల మిగిలిందో డాక్టరుకూ తెల్వదు:
"రైట్ రైట్."
ఆకలైనా రైట్ రైట్. నొప్పైనా రైట్ రైట్.
వద్దనాలన్నా అదే,
వాకిట్ల కుక్కను అదిలించినా అదే.

పాలమూరు దవఖానల ఇచ్చిన జిరాక్సు కాయితం చూసిన.
ఆపిల్ పండు, టోస్టు ముక్క,
కుర్చీ లెక్కుండే పాయిఖానా, టై కట్టిన డాక్టరు.
ఎడమచేత్తో నలిపి పారేసిందంట.
నలపదా మరి?

రాత్రంత కూసోని గీసిన.
జొన్నరొట్టెను చందమామ అనుకుంటదేమోనని
పక్కన ఎల్లిపాయ కారం పెట్టిన.
గ్లాసు గీస్తే నీళ్లా, చాయా, మందా?
చాయకు పొగ, మందుకు సీసా, నీళ్లకు రంజను.
"గీత లావుండాలె, నీడలొద్దు, వెనక పూలొద్దు"
దవఖానల మాటలు నేర్పే పిల్ల ఫోన్ల చెప్పింది.
బోర్డులు రాసేటోనికి ఇది కొత్తనా?
ఉరికే బస్సును దూరంకెల్లి సదివేటోని కోసమే గద
ఇన్నేండ్లు రాసింది.
ఎడమచేతికందేటట్టు పదహారు కార్డులు తీగకు గుచ్చిన.

చూసింది. రొట్టె మీద ఏలు పెట్టింది.
సువర్ణ ఏడ్సింది.
మూడు దినాలు నేను గొప్పోణ్ణనుకున్న.

నాలుగో దినం ఏలు బస్సు మీద.
తర్వాత పైసల మీద. మల్ల బస్సు. మల్ల పైసలు.
జీతమా అమ్మా? పింఛనా?
డిపోకు ఫోన్ చెయ్యాల్నా?
"రైట్ రైట్! రైట్ రైట్!"
బ్రేకుల్లేని బండి లెక్క అరుస్తున్నది.
కార్డు గుంజి తిరగేసింది,
నేను తెల్లగ ఇడిసిపెట్టిన దిక్కు.
బిడ్డ చేతిల పెన్ను లాక్కొని ఒక వంకర గీత,
కింద ఇంకోటి.
సువర్ణకు సమజ్ గాలె. నాకైంది.
టికెట్టు వెనక చిల్లర బాకీ రాసే గీత అది.

పడిపోయిన దినం
ఎవలికో చిల్లర ఇయ్యకనే పడిపోయింది.

నోట్లు ఒక్కొక్కటి పరుసుకుంట పోయిన.
నలభై కాడ నా చెయ్యి పట్టుకున్నది.
ఏ స్టేజి?
ఆమనగల్లు, వెల్దండ, కొట్ర గేటు,
నా పాత రేకు బోర్డులే ముందట పెట్టిన.
అక్షరం పోయింది గని
పసుపు మీద నలుపు పోలిక పోలేదు: వెల్దండ.
ఎవలు? దానికి బొమ్మ లేదు నా కాడ.
గీసుకుంట పోయిన, కొట్టేసుకుంట పోయింది.
ముసలాయన. సరే. తలకు రుమాలు. సరే.
ఒళ్లె మేకపిల్ల గీస్తే
పడిపోయిన కాన్నుంచి తొలిసారి నవ్వింది.

నా పదహారు కార్డులూ కావాలె, కావాలె అంటున్నయి.
ఇయ్యాలె అనేది ఒక్కటి గూడ గియ్యలె నేను.
మాట పోయినోళ్లకు ఆకలి ఉంటదనుకున్న,
బాకీ ఉంటదనుకోలే.

పదిహేడో కార్డు కష్టమైంది.
అరచెయ్యి మీదికుంటే కావాలె,
కిందికి తిప్పితే ఇయ్యాలె,
బొటనేలు కాడ నాలుగుసార్లు చెరిపిన.

డ్రైవర్ నర్సింలు జేబుల ఆ నలభై
రోజూ వెల్దండ దాంక పోయొస్తున్నయి.
మేకపిల్ల ముసలాయన ఇంకా దొరకలె.
ఆ మేక గూడ పెరిగి ఉంటది.

కార్డు చేతికిచ్చి నిలబడ్డ.
అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది,
వెనక తెల్లగున్నదని నిమ్మలపడ్డది.
"రైట్ రైట్" అన్నది.
ఈసారి అది ఉత్త రైట్ రైటే,
నేను స్కూటర్ తీసిన.